అడగకముందే చెప్పేస్తే పోలా

ఈరోజు అర్జెంటు పని ఏదీ లేదు. ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని పెట్టుకుని కూర్చున్నా. క్లయింట్లు పదే పదే అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట రాసేయడం. లోగోలు, బ్రోచర్లు, ప్యాకెట్ల మీద డిజైన్లు చేసే ఈ వ్యాపారంలో డిజైనర్నీ నేనే, లెక్కలు చూసేదీ నేనే, ఫోన్ ఎత్తేదీ నేనే. అందుకని రోజూ అదే సమాధానం టైప్ చేస్తూ ఉంటే అసలు పనికి కూర్చునేసరికి బుర్ర అలిసిపోయి ఉంటుంది.

నాకు తోచిన ప్రశ్నలు కాకుండా పాత చాట్లు తిరగేసి వాళ్ళ మాటల్లోనే ఏరుకున్నా. ఎంతవుతుంది, ఎన్ని రోజులు, నచ్చకపోతే మారుస్తారా... ఇవి తెలిసినవే. ఒక మెసేజ్ దగ్గర మాత్రం ఆగిపోయా. "అడగొచ్చో లేదో తెలీదు గానీ, అడ్వాన్స్ ఇచ్చాక మీరు చేసింది నాకు నచ్చకపోతే ఏంటండీ పరిస్థితి?" పాపం ఎంత మొహమాటపడుతూ అడిగారో. ఈవిడ అడిగారు కాబట్టి సరిపోయింది, ఇదే అనుమానం మనసులో పెట్టుకుని అడగలేక వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకెలా తెలుస్తుంది? ఇదంతా నా టైమ్ మిగలడానికి అనుకుంటూ మొదలుపెట్టా గానీ, అసలు ఇది అడగడానికి జంకేవాళ్ళ కోసం రాయాల్సిందని అక్కడ అర్థమైంది.

అందుకే ఆ ప్రశ్ననే అన్నిటికంటే పైన పెట్టా. మొదట రాసిన జవాబు చదువుకుంటే అద్దె ఒప్పందం కాగితంలా ఉంది, "అడ్వాన్స్ తిరిగి చెల్లించబడదు" అంటూ. కొట్టేసి, ఎదురుగా కూర్చుంటే ఎలా చెబుతానో అలాగే రాశా. ముందు పెన్సిల్ స్కెచ్‌లు చూపిస్తాను, అక్కడే నచ్చకపోతే ఆపేయొచ్చు, అప్పటిదాకా చేసిన పనికి అడ్వాన్స్ సరిపోతుంది, మిగతాది మీరు కట్టక్కర్లేదు. నచ్చితే రెండు విడతల మార్పులు ఇందులోనే కలిసి ఉంటాయి. రంగు మార్చడం, అక్షరాలు పెంచడం తగ్గించడం మార్పుల కిందికి వస్తాయి, సగంలో ఐడియానే మార్చేస్తే అది కొత్త పని. విషయం అదే, మాట మారిందంతే, కానీ చదివేవాళ్ళ టెన్షన్ సగం తగ్గుతుందనిపించింది.

రేటు పెట్టాలా వద్దా అన్నది పెద్ద తలనొప్పి. ఇంత నుంచి ఇంత వరకు అని రాస్తే ఎవరికైనా గుర్తుండేది కింది అంకె ఒక్కటే, పై అంకె చెప్పగానే మోసపోయినట్టు మొహం పెడతారు. అసలు రాయకపోతేనేమో "చాలా ఖరీదేమోలే" అనుకుని అడక్కుండానే పోయేవాళ్ళు పోతారు. చివరికి ఎక్కడ మొదలవుతుందో రాసి, ఆ రేటులో ఏమేం వస్తాయో, ఏం కావాలంటే పెరుగుతుందో కింద చెప్పి, ఆ రేటుకే చేసిన పాత పని ఒకటి పక్కన పెట్టా. అంకె చూసి భయపడేవాళ్ళు అరగంట ఫోన్లో మాట్లాడాక కూడా భయపడతారు, అదేదో ముందే తేలిపోతే ఇద్దరికీ మంచిది.

"ఎన్ని రోజులు" అన్నదానికి అంకె ఒక్కటే చెబితే సరిపోదు, ఆ రోజులు ఎప్పటినుంచి లెక్కో చెప్పాలి. అడ్వాన్స్ వేసిన రోజు నుంచి కాదు, మేటరూ ఫొటోలూ నా చేతికి వచ్చిన రోజు నుంచి. పని ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే.

ఫైళ్ళ గురించి కాస్త ఎక్కువే రాశా, ఎందుకంటే గొడవలు వచ్చేది పని అయిపోయాకే. జేపీజీ అంటే చుక్కల బొమ్మ, దాన్ని బ్యానర్ సైజుకి సాగదీస్తే పగిలిపోతుంది. ఎస్‌వీజీ ఫైలు గీతల లెక్కతో ఉంటుంది, ఎంత పెంచినా అంచులు శుభ్రంగా ఉంటాయి, అందుకే తెరవడం రాకపోయినా దాన్ని పారేయొద్దు, ప్రింట్ చేసేవాళ్ళకి ఇవ్వండి అని రాశా. ఏ4 కాగితం మీద ఫొటో నిండుగా, స్పష్టంగా పడాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి, వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌లా పంపమని కూడా చేర్చా. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ ప్రింట్‌లో కాస్త డల్‌గా వస్తుంది, సిరాతో అంత వెలుగు రాదు. ఇది ముందే చెబితే సమాచారం, ప్రింట్ అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది.

"మీ ఇష్టం, మీకే వదిలేస్తున్నాం" అనేవాళ్ళకి జవాబు దొరకలేదు. అది ప్రశ్న కాదు కదా. దాని బదులు నేనే ఒకటి అడిగా, చివరి మాట ఎవరిదో ముందే చెప్పండి అని. అంతా ఓకే అయ్యాక ఎక్కడినుంచో వాళ్ళ బావగారు ఊడిపడి "ఎరుపు బాగుంటుందే" అనడం నా అనుభవంలో మామూలు విషయం.

ఇంత రాసినా పొడుగాటి పేజీ ఎవరూ చదవరని తెలుసు. అందుకే వాట్సాప్ బిజినెస్‌లో ఒక్కో జవాబునీ క్విక్ రిప్లైగా పెట్టుకున్నా, స్లాష్ కొట్టి రెండక్షరాలు రాస్తే వచ్చేస్తుంది. పలకరింపు మెసేజ్‌లో మాత్రం రేటు, రోజులు, నచ్చకపోతే ఏంటి, ఈ మూడే. మొదటిసారి రాసినవాళ్ళకీ, 14 రోజులు మాటల్లేకుండా ఉండి మళ్ళీ రాసినవాళ్ళకీ అది దానంతటదే వెళ్తుంది.

సాయంత్రం కొత్తాయన ఒకరు మెసేజ్ చేస్తే ఆ పలకరింపు వెళ్ళింది. రేటు ఊసే ఎత్తలేదు, నేరుగా "ఇదే లోగో యూనిఫాం మీద దారంతో కుట్టించుకోవచ్చా?" అన్నారు. కుట్టించుకోవచ్చు, కాకపోతే సన్నని గీతలూ చిన్న అక్షరాలూ దారంలో నిలబడవు, దానికి విడిగా సింపుల్‌గా ఇంకోటి గీయాలి అని చెప్పా. నా జాబితాలో ఇది లేనే లేదు. పాత పని ఒకటి కుట్టిన ఫొటో ఎక్కడో ఉండాలి, రేపు వెతికి దీని పక్కన పెట్టాలి.