రాజమండ్రి నుంచి మునగాల దారికి: నా మొదటి 300 కిలోమీటర్ల బ్రెవే

నవంబరు మొదటి వారం

విజయవాడలో పూర్తిచేసిన 200 కిలోమీటర్ల బ్రెవే (నిర్ణీత గడువులోగా ముగించవలసిన దూరపు సైకిలు ప్రయాణం) లెక్కలను ఈ వారం కాగితం మీద పెట్టి చూసుకున్నాను. గడువు 13 గంటల 30 నిమిషాలు కాగా నాకు 12 గంటల 40 నిమిషాలు పట్టింది. అందులో చక్రం తిరిగిన సమయం 9 గంటల 10 నిమిషాలే. అంటే మూడున్నర గంటలు నేను సైకిలు దిగి ఉన్నాను. ఇన్నాళ్లూ వేగం చాలడం లేదనుకుంటూ వచ్చాను గానీ, నా లోపం తొక్కడంలో లేదు, ఆగడంలో ఉంది. దానికి తోడు ఆ రోజు అర్ధరాత్రి రైలు దిగి, రెండు గంటలు మాత్రమే నిద్రపోయి, ఆరు గంటలకు బయలుదేరాను. మధ్యాహ్నం తరువాత ఆగిన ప్రతిచోటా లేవబుద్ధి కాకపోవడానికి కారణం అదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

డిసెంబరులో హైదరాబాదులో జరిగే 300కు పేరు నమోదు చేసుకున్నాను. బ్రెవేలకు నియమాలు పెట్టే ఫ్రెంచి సంస్థ ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ప్రకారం దీనికి గడువు 20 గంటలు. మన వెంట సహాయ వాహనం రాకూడదు, చీకట్లో ముందు వెనుక లైట్లు, మెరిసే చొక్కా తప్పనిసరి. ఎల్బీనగర్ దగ్గర మొదలై, 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటి మునగాల వరకు వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి.

నవంబరు చివరి వారం

గోదావరి డెల్టాలో సాధన చేసేవారికి ఒక ఇబ్బంది ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా రావులపాలెం వెళ్లినా, అక్కడి నుంచి తణుకు దాకా వెళ్లినా, వంతెనల ఎత్తు తప్ప వేరే ఎక్కుడు ఉండదు. హైదరాబాదు దారి అలా కాదు. వెళ్లేటప్పుడు మొత్తం మీద 300 మీటర్లకు పైగా దిగుతాం, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. అందుకని రెండు ఆదివారాలు గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్లి వచ్చాను. ముందు 34 పళ్లు, వెనుక 32 పళ్లు ఉన్న గేరు నా బరువుకు సరిపోతుందని అక్కడే నిర్ధారణ అయింది.

దీనితోపాటు ఆగడాన్ని కూడా సాధన చేశాను. ఆగగానే ఫోనులో 12 నిమిషాలు టైమర్ పెట్టి, మొదట సీసాలు నింపి, తరువాత తిని, చివర ఫోను చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఉప్పు వేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, పల్లీ చిక్కీ, అరటిపండ్లు హ్యాండిల్ సంచిలో పెట్టుకుంటే తినడానికి దిగే అవసరమే సగం తగ్గిపోయింది. ఒక సీసాలో ఓఆర్ఎస్, రెండో దానిలో మంచినీళ్లు.

ప్రయాణం, గురువారం రాత్రి

శనివారం ఉదయం బ్రెవే కనుక ఈసారి ఒక రోజు ముందే చేరేలా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నాను. స్టేషన్ పార్సిల్ కార్యాలయంలో టికెట్ చూపించి, ఫారం నింపి, డబ్బు కట్టి రసీదు తీసుకుంటే మనం ఎక్కిన బండిలోనే లగేజి వ్యానులో సైకిలు వస్తుంది. బండి వేళకు గంటన్నర ముందు వెళ్లడం మంచిది. పెడళ్లు విప్పి (ఎడమ పెడల్ మర వ్యతిరేక దిశలో తిరుగుతుందని మరచిపోకూడదు), ముందు చక్రం తీసి ఫ్రేము పక్కన కట్టి, ఫోర్కు కాళ్ల మధ్య చెక్కముక్క బిగించి, పైన అట్టలూ బబుల్ ర్యాపూ చుట్టాను. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషన్ రాసిన కాగితాన్ని రెండు చోట్ల అంటించాను. వెనుక డిరైలర్‌ను (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరో దాని మీదికి మార్చే భాగం) మాత్రం విప్పకుండా దాని మీద అట్ట కప్పి ఊరుకున్నాను. అది నా పొరపాటు.

శుక్రవారం

ఉదయం సికింద్రాబాదులో సైకిలు అందింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఇంటి వరండాలో బిగించి గేర్లు మార్చి చూస్తే, అన్నింటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి చైన్ ఎక్కినప్పుడల్లా టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. వెనుక కూర్చుని కంటి ఎత్తులో చూశాను. డిరైలర్ పంజరం (చైన్ సాగే రెండు చిన్న పళ్ల చక్రాలున్న చట్రం) నిలువుగా వేలాడకుండా లోపలికి వాలి ఊచలను రాసుకుంటోంది. డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే చిన్న లోహపు ముక్క, అంటే హ్యాంగర్, వంగిందన్నమాట. వంపు సుమారు నాలుగైదు మిల్లీమీటర్లే ఉండవచ్చు గానీ, ఎక్కుడులో ఆ గేరు వేస్తే పంజరం ఊచల్లో ఇరుక్కుని చక్రమే పోతుంది.

వెనుక చక్రాన్ని బిగించి ఉంచి, డిరైలర్ బోల్టులో అలెన్ కీ పెట్టి, ఒక చేత్తో పంజరాన్ని పట్టుకుని, నెమ్మదిగా బయటికి లాగాను. కొద్దిగా లాగడం, వెనక్కి వెళ్లి చూడడం, మళ్లీ లాగడం. ఇలా ఆరేడు సార్లు చేశాక పంజరంలోని రెండు చిన్న పళ్ల చక్రాలూ నిలువు గీతలోకి వచ్చాయి. అల్యూమినియం హ్యాంగర్ ఒకసారి వంగి నిటారయితే దాని బలం తగ్గిపోతుంది, మరోసారి వంగితే విరగవచ్చు. ఒక రోజు ముందు రాకపోయి ఉంటే ఈ పనంతా తెల్లవారుజామున ఐదు గంటలకు ఫోను వెలుగులో చేయవలసి వచ్చేది. పిన్ని పెరుగన్నం పెట్టి తొమ్మిదింటికే పడుకోమంది. ఏడు గంటలు నిద్రపోయాను.

శనివారం

ఆరు గంటలకు బయలుదేరాం. చలిగా ఉంది, తూర్పు గాలి ఎదురుగా వీస్తోంది, అయినా వాలు ఉండడం వల్ల చౌటుప్పల్ వరకు గుంపుగా హాయిగా సాగింది. పంతంగి టోల్ దగ్గర ఎడమ చివర ద్విచక్ర వాహనాల దారిలో వెళ్లాలి. చిట్యాల, నకిరేకల్ దాటి టేకుమట్ల దగ్గర మూసీ వంతెన మీదికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. సూర్యాపేట దాటాక దురాజ్‌పల్లి వస్తుంది. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరిగేది ఇక్కడే. ఆ రోజుల్లో ఈ దారిలో వాహనాలను మళ్లిస్తారు కాబట్టి ఫిబ్రవరిలో ఇటు రైడ్ పెట్టుకునేవారు జాతర తేదీలు ముందుగా చూసుకోవాలి.

మునగాల కంట్రోల్‌కు (బ్రెవే కార్డు మీద ముద్ర వేసే తనిఖీ కేంద్రం) 12 గంటల 50 నిమిషాలకు చేరాను. సాయంత్రం నాలుగు వరకు గడువుంది. అప్పటికి ఆగిన సమయం 25 నిమిషాలు. అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకుని, అన్నం తిని, 40 నిమిషాల తరువాత బయలుదేరాను. తిరుగు దారిలో గాలి వెనుక నుంచి వచ్చినా ఎక్కుడు తెలుస్తూనే ఉంది. ఒక్కసారిగా నిటారుగా ఎక్కే చోటంటూ ఏదీ లేదు. దారి చదునుగా ఉన్నట్టే కనిపిస్తుంది, వేగం మాత్రం 24 నుంచి 18కి పడిపోతుంది. ఇటువంటి చోట వేగం చూపే సైకిలు కంప్యూటర్ చూసి కంగారుపడి బలంగా తొక్కితే మోకాళ్లకే నష్టం. గేరు తగ్గించి కాళ్ల లయ నిలుపుకోవడమే సరైన పద్ధతి.

నార్కట్‌పల్లిలో చీకటి పడింది. టీ తాగి మెరిసే చొక్కా వేసుకుని, టైమర్ ప్రకారం కదలబోతుంటే హైదరాబాదు రైడర్ ఒకాయన, "అన్నా, రాత్రిపూట ఒక్కడివే పోవద్దు, ఐదు నిమిషాలు ఆగు, కలిసే పోదాం" అన్నాడు. ఆ ఐదు నిమిషాలు పదిహేను అయ్యాయి. చిట్యాల దాటాక నా వెనుక టైరులో తీగముక్క గుచ్చుకుంది. ఒకరు లైటు పట్టుకున్నారు, ఒకరు టైరు లోపల వేళ్లతో తడిమి తీగను వెతికి తీశారు, మరొకరు పంపు అందుకున్నారు, నేను ట్యూబు మార్చాను. లారీలు ఊపేస్తూ పోయే ఆ రోడ్డు అంచున ఒంటరిగా అయితే అరగంటకు పైగా పట్టే పని 15 నిమిషాల్లో ముగిసింది. కాబట్టి పగటి పూట పెట్టుకున్న 12 నిమిషాల నియమాన్ని రాత్రికి సడలించుకున్నాను. తోడు కోసం ఆగిన సమయాన్ని ఇకపై వృథా లెక్కలో రాయను.

రాత్రి 10 గంటల 50 నిమిషాలకు కార్డు అందజేశాను. మొత్తం 16 గంటల 50 నిమిషాలు, తొక్కిన సమయం 14 గంటలు, ఆగినది 2 గంటల 50 నిమిషాలు. దూరం వంద కిలోమీటర్లు పెరిగినా, 200లో ఆగినంత కూడా ఆగలేదు.

సోమవారం, ఇంటి దగ్గర

తిరుగు ప్రయాణంలో డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలి వైపు కట్టాను. ఈసారి ఏమీ వంగలేదు. 400కు గడువు 27 గంటలు, రాత్రంతా రోడ్డు మీదే ఉండాలి. నా ముందు లైటు మధ్యస్థ వెలుగులో ఐదు గంటలకే ఆరిపోతోంది కనుక రెండో లైటు కొనాలి. నా ఫ్రేముకు సరిపోయే కొత్త హ్యాంగర్లు రెండు తెప్పించాను. ఒకటి సైకిలుకు బిగించాను, రెండోదాన్ని దాని మరలతో సహా టేపు వేసి సీటు కింది సంచిలో ట్యూబుల పక్కన ఉంచాను.