పురిటికొచ్చే తిమింగలం

హుస్సేన్‌సాగర్‌లో లాంచీ కదలగానే ఆరేళ్ల మా అబ్బాయి కమ్మీలు పట్టుకుని నీళ్లలో వెతకడం మొదలుపెట్టాడు. "తిమింగలాలు ఉప్పు సముద్రంలో ఉంటాయిరా, ఇది మంచినీటి చెరువు" అన్నారు నాన్న. ఆ వాసనలో 'మంచినీటి' అనే మాట వినగానే పక్కన కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. 1990లో బుద్ధ విగ్రహాన్ని తెస్తున్న పడవ ఇక్కడే మునిగిందని, రెండేళ్లకు గాని విగ్రహాన్ని పైకి తీయలేకపోయారని నాన్న చెప్పారు. "అయితే బుద్ధుడు కూడా నీళ్లలోంచి దూకాడా?" అన్నాడు వాడు.

తప్పు వాడిది కాదు. మేముండే ఆస్ట్రేలియాలో ఆగస్టంటే చలికాలం. మొన్న ఆగస్టులో బ్రిస్బేన్ నుంచి సుమారు మూడు వందల కిలోమీటర్లు ఉత్తరంగా హెర్వీ బే వెళ్లాం. హంప్‌బ్యాక్ తిమింగలాలు బిడ్డలతో వచ్చి సేదతీరే అఖాతం అది. నిబంధన ప్రకారం పడవ వంద మీటర్ల దూరంలో ఆగాలి. ఆగి నిలబడితే, ఇదేమిటో చూద్దామన్నట్టు అవే దగ్గరికి వచ్చాయి. డాల్ఫిన్లు పడవ ముందు ఎన్ని విన్యాసాలు చేసినా ఎవరూ పట్టించుకోలేదు, పాపం.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. శనివారం తెలుగు బడిలో 'ఱ' కూడా రాస్తుంది గాని, మాట్లాడమంటే 'ఆకలి, చాలు, వద్దు' దాటదు. చెప్పడానికి ఒక సంగతంటూ ఉండాలని నాకు తట్టలేదు. పద్యాలు బట్టీ పట్టించాను. ఆ రాత్రి నల్లకుంటలో, భోజనాల దగ్గర, అమ్మ ఊరికే అడిగింది: "అక్కడ సముద్రంలో ఏం చూశావే?"

పిల్ల మొదలుపెట్టిందో లేదో నాన్న అడ్డు తగిలారు. "తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం."

"కాదు తాతయ్యా, దాని గొంతు చిన్నది. పెద్ద చేప పట్టదు. చిన్న చిన్న రొయ్యల్లాంటివి తింటుంది."

ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పిన మనిషి. ఓడిపోయి మురిసిపోయారు.

"చలికాలంలో మంచు సముద్రం నుంచి వస్తుంది అమ్మమ్మా. ఐదు వేల కిలోమీటర్లు. వెచ్చని నీళ్లలో బేబీ పుడుతుంది. ఆ బేబీ పెద్దయ్యాక మళ్లీ అక్కడికే వస్తుంది."

"పురిటికి పుట్టింటికి వస్తుందన్నమాట" అంది అమ్మ.

ఆ మాటలు నేను విడమరిచి చెబితే పిల్ల ఎగిరి గంతేసింది. "అదే, అదే!"

"మరి బాలింతకు తిండి ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు. దాని తిండి అక్కడ దొరకదు. చాలా నెలలు ఏమీ తినదు. కానీ పాలు ఇస్తుంది." పుట్టీపుట్టగానే బిడ్డ నాలుగు మీటర్ల పైన పొడవు, టన్ను బరువు ఉంటుందని కూడా చెప్పింది.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "బాలింతకు పథ్యం విన్నాను గాని పస్తేమిటే?"

ఈ పిల్ల పుట్టినప్పుడు అమ్మకు వీసా సమయానికి రాలేదు. కాన్పయ్యాక ఆసుపత్రిలో నాకు చల్లటి శాండ్‌విచ్ పెట్టారని ఫోనులో చెప్పి పొరపాటు చేశాను. తొమ్మిదేళ్లుగా ఆ శాండ్‌విచ్ ఈ ఇంట్లో ఏదో ఒక వంకన ప్రస్తావనకు వస్తూనే ఉంది.

"ఇప్పుడు అది ఎక్కడుంది?"

"డిసెంబరు కదా, మంచు సముద్రంలో. అక్కడ బాగా తింటుంది. బేబీ పక్కనే ఉంటుంది."

"పోనీలే" అని అమ్మ మళ్లీ వడ్డన మొదలుపెట్టింది. నా కంచంలో అడగని నెయ్యి పడింది.

పిల్ల ఇంకా ఏదో లెక్క వేసుకుంటోంది. "అమ్మమ్మా, అమ్మ పుట్టిల్లు ఇది. మరి నా పుట్టిల్లు ఏది?"

అమ్మ నా వైపు చూసింది. నేను పెరుగు గిన్నె కోసం వెతికాను.