బరంపురం నుంచి చూస్తే రంగనాథన్

గ్రంథాలయ శాస్త్రం చదివే మా పిల్లలకు షియాలి రామామృత రంగనాథన్ అంటే, గ్రంథాలయం ఎలా నడవాలో ఆయన చెప్పిన అయిదు సూత్రాలే. వాటిని వరుసగా రాసేసి పరీక్ష గట్టెక్కుతారు. నాకు మాత్రం ఆ సూత్రాల వెనుక ఉన్న ఉద్యోగ జీవితమే ఎక్కువ ఆసక్తికరం. గ్రంథాలయంలో కళ్ళారా చూసినదాన్ని ఆయన పాఠంగా చెప్పారు, పాఠం చెబుతుండగా తట్టినదాన్ని పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ పెట్టారు.

కళాశాలల్లో గణితం బోధిస్తున్న ఆయన 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యారు. బరంపురం ఉన్న మా గంజాం కూడా అప్పటికి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని జిల్లాయే. అలికిడి లేని ఆ కొలువులో మొదట్లో ఆయనకు ఊపిరాడలేదని, తనను మళ్ళీ కళాశాలకే పంపించమని అడిగారని చెబుతారు. శిక్షణ కోసం లండన్ వెళ్ళి, అక్కడి గ్రంథాలయాలు తిరిగి చూసి, జనం వాటిని ఎలా వాడుకుంటున్నారో గమనించాక గానీ మనసు కుదుటపడలేదు. ఆ తరువాత ఆగింది లేదు: 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున వేసవి శిక్షణ తరగతులు, 1931లో అయిదు సూత్రాల గ్రంథం, 1933లో పుస్తకాలను విషయాన్ని బట్టి విభజించే ఆయన సొంత పద్ధతి, కోలన్ వర్గీకరణ. కాశీలో, ఢిల్లీలో పనిచేసి, 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. సంపాదకుడిగా ఆయన చేసిన పనిని ఎవరూ పెద్దగా తలచుకోరు గానీ, 1954లో మొదలైన 'అనల్స్ ఆఫ్ లైబ్రరీ సైన్స్' వంటి పత్రికలే లేకపోతే ఆ తరగతి గది చర్చలు చాలావరకు అక్కడే ఆవిరైపోయేవి.

ఆయన పట్టుదల ఫలితంగా 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. అయితే 1936లోనే గంజాం ఒడిశాలో కలిసిపోయింది. అందువల్ల సరిహద్దుకు అవతల ఉన్న శ్రీకాకుళం వైపు ఆ చట్టం వర్తించింది, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సూ వచ్చింది. ఇవతల ఉన్న మాకు అలాంటి చట్టం 2001 దాకా లేదు. బరంపురంలో తెలుగు పుస్తకం కోసం వెతుక్కునే పాఠకుడికి ఈ తేడా ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

మా కళాశాల గ్రంథాలయంలో నడిచేది డ్యూయీ పద్ధతి, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరిచ్చి ఆ వరుసలో పుస్తకాలు సర్దడం. అందులో ఒడియా సాహిత్యం 891.456, తెలుగు సాహిత్యం 894.827. ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా బతుకుతున్న ఈ రెండు భాషల నడుమ, నంబర్ల వరుసలో పారశీకం, రష్యన్, అరబిక్, తుర్కీ, హంగేరియన్ వచ్చి కూర్చుంటాయి! మా దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లలే ఎక్కువ కాబట్టి, వరుసను పక్కన పెట్టి ఆ రెండు ర్యాకులనూ కౌంటరు ఎదుట ఆనుకుని ఉండేలా వేయించాను. పుస్తకాల వీపున నంబర్లు మాత్రం మార్చలేదు. ఇది శాస్త్రవిరుద్ధమని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. పుస్తకాలు ఉన్నది వినియోగానికేనన్న మొదటి సూత్రాన్ని అతనికి గుర్తుచేశాను.