మా బంగారి ఎందుకు కరుస్తోంది

నిన్న సాయంత్రం అద్దానికి పట్టిన పాచి గీకుదామని ట్యాంకులో చెయ్యి పెట్టానో లేదో, బంగారి మళ్లీ కరిచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మెత్తగా ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ. రక్తమేమీ రాలేదు, చీమ కుట్టినట్టు చురుక్కుమంది అంతే. కానీ మూడంగుళాల క్లౌన్ ఫిష్ (నారింజ రంగు మీద తెల్లని చారలుండే సముద్రపు చేప) ట్యాంకు ఆ చివర నుంచి దూసుకొచ్చి మనిషి చేతి మీద పడుతుందంటే చూడనివాళ్లకు నమ్మబుద్ధి కాదు.

ఇంటికొచ్చిన వాళ్లు చాలామంది "ఇంత కోపిష్టిదాన్ని ఎందుకు ఉంచుకున్నారు, అమ్మేయొచ్చు కదా" అంటారు. అమ్మను. దానికి సంసారం ఉంది, కాపాడుకోవాల్సిన చోటు ఉంది. అది తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాదిన్నర పట్టింది, ఆ ఏడాదిన్నరలో ఒక చిన్న చేపను నా చేతులారా చావు దాకా తీసుకెళ్లాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు. నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు, సుమారు 250 లీటర్లు, పెట్టి మూడేళ్లు దాటింది. బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అక్వేరియం చూసొచ్చినప్పటి నుంచి మా పాప పట్టిన పట్టు వల్ల మొదలైంది గానీ, ఇప్పుడు ఇంట్లో ఎక్కువ పిచ్చి నాదే. మా అత్తయ్యకు ఇప్పటికీ అర్థం కాని విషయం ఒకటుంది. "ఇంటి ముందే సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటారేమిటమ్మా" అంటారు. ఒడ్డు దగ్గర నీళ్లలో మట్టి, ఊళ్లోని గెడ్డల నీళ్లు, పోర్టు మడ్డి అన్నీ కలుస్తాయి, వానలు పడ్డాక ఉప్పదనం కూడా తగ్గిపోతుంది, అందుకని ఆర్వో నీళ్లలో ఉప్పు కలుపుకుని సాంద్రత 1.025 దగ్గర పెట్టుకుంటాను. వేడి 27 డిగ్రీలు దాటకూడదు. మన విశాఖ ఉక్కపోతలో ఫ్యాను పెడితే నీళ్లు చల్లబడేది అంతంతమాత్రమే, చిల్లర్ కొనక తప్పలేదు. పగడాల్లో మెత్తటివే పెట్టాను, ఒక పెద్ద లెదర్ కోరల్, కొన్ని మష్రూములు, జోయాంథిడ్లు. రాతి పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, సముద్రంలోంచి తీసినవి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోకండి.

మొదట తెచ్చింది రెండే, బంగారి, చంటి. రెండూ ఒసెల్లారిస్ రకం, హేచరీలో పుట్టినవే, తెచ్చినప్పుడు రెండూ అంగుళంన్నరకు మించి లేవు. నెల తిరగ్గానే బంగారి ఒళ్లు చేసింది, చంటి అలాగే ఉన్నాడు. అప్పుడే ఒకరోజు చంటి ఒక పక్కకు ఒరిగి, ఒళ్లంతా గడగడా వణుకుతూ కనిపించాడు. ఫిట్స్ అనుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రాత్రంతా టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. జబ్బు కాదట, లొంగిపోవడమట. "నువ్వే పెద్దదానివి, నన్నేమీ చెయ్యకు" అని చెప్పుకోవడం. క్లౌన్ ఫిష్ అన్నీ ముందు మగవిగానే పెరుగుతాయి. గుంపులో అన్నిటికన్నా బలమైనది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది మగ జోడీగా ఉంటుంది, మిగతావన్నీ ఎదుగుదల ఆపుకుని అణిగి ఉంటాయి. ఆడది పోతే మగది ఆడదవుతుంది, కింద ఉన్నవాటిలో పెద్దది మగ జోడీ స్థానంలోకి వస్తుంది. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదవడం లేదు. మీ ట్యాంకులో చిన్నది వణుకుతూ, పెద్దది దాన్ని కొంచెం తరిమి వదిలేస్తుంటే టెన్షన్ పడకండి, జోడీ కుదురుతున్నట్టే లెక్క. రెక్కలు చిరిగినా, తిండి దగ్గరకు రాలేకపోయినా మాత్రం కుదరనట్టే.

ఇది తెలిసి కూడా నేను మూడోదాన్ని తెచ్చాను. షాపులో "మూడుంటే ఇంకా కళగా ఉంటుంది మేడం, ఏం కాదు" అన్నారు, పాప అప్పటికే బుజ్జి అని పేరు పెట్టేసింది. బుజ్జి దాదాపు చంటి అంత ఉంది. అదే పెద్ద పొరపాటు. మొదలుపెట్టింది బంగారి అనుకుంటారు, కాదు, అంతవరకూ ఎవరి జోలికీ పోని చంటి. తన స్థానానికి పోటీ వచ్చిందని వాడికి అరగంటలో అర్థమైపోయింది. మర్నాటికి బంగారి కూడా కలిసింది. మూడో రోజు పొద్దున్న చూస్తే బుజ్జి పైన నీటి అంచున, పైపు వెనక మూలలో, ముక్కు పైకి పెట్టి నిలబడి ఉంది. తోక సగం లేదు. పక్క రెక్క చీలి, తెల్లటి పీలికలా వేలాడుతోంది. మేత వేస్తే అటు కళ్లు తిప్పుతుంది గానీ కదలదు, కదిలితే కింద నుంచి రెండూ వస్తాయని దానికి తెలుసు.

పూర్ణా మార్కెట్లో కొన్న చిల్లుల ప్లాస్టిక్ బుట్టను సబ్బు తగలకుండా కడిగి, ట్యాంకులోనే ఓ పక్కన వేలాడదీసి బుజ్జిని అందులో ఉంచాను. ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటు పడతాయని. పది రోజులకు రెక్కలు చిగురించాయి. ఈలోగా రాళ్లన్నీ మార్చి పేర్చాను, పాత హద్దులు చెరిగిపోతే కొత్తగా సర్దుకుంటాయని చెబుతారు. లైట్లు ఆర్పాక వదిలాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మళ్లీ అదే మూల, అదే పైపు. అప్పుడు బంగారిని తీసి బుట్టలో పెట్టి చూశాను, పెద్దమ్మాయి లేనప్పుడు మిగతావి కలుస్తాయేమోనని. చంటి ఒక్కడే సరిపోయాడు. బుట్ట, రాళ్లు మార్చడం, ఇవి వేరే జాతి కొత్త చేపను కలిపేటప్పుడు బాగా పనికొస్తాయి, నాకే తర్వాత రెండుసార్లు పనికొచ్చాయి. కుదిరిన జోడీ మధ్యకు మూడో క్లౌన్‌ను తెస్తే మాత్రం మామూలు ఇంటి ట్యాంకులో దారి లేదు, దయచేసి ప్రయత్నించకండి. బుజ్జిని సీతమ్మధారలో ఉన్న మా తమ్ముడి ట్యాంకుకు పంపించేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే బంగారి నన్ను కరవడం మొదలుపెట్టింది. బుజ్జి గొడవతో బెదిరిపోయిందేమో, ఆకలేమో, నీళ్లలో తేడా వచ్చిందేమో అని టెస్టు కిట్లు ముందేసుకుని నైట్రేట్లు, అమ్మోనియా అన్నీ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అసలు సంగతి పట్టుకుంది మా ఇంట్లో పని చేసే ఆవిడ. వాళ్లది పెదజాలరిపేట. ఓ రోజు తుడుస్తూ తుడుస్తూ ట్యాంకు ముందు ఆగి, "ఏటమ్మా, ఇంత సేపకి అంత కోపమేటి? గుడ్లెట్టిందేమో సూడండి. మా అమ్మోలూరి సెరువులో కొర్రమీను పిల్లలేసినప్పుడు ఇలాగే మీదకొస్తాది" అంది.

వంగి చూస్తే నిజంగానే, వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే చిన్న మోటారు) కింద రాయి ఏటవాలు మీద, అరచేతిలో సగం మేర, నారింజ రంగు గింజలు దగ్గర దగ్గరగా అతికించినట్టున్నాయి. చంటి వాటి మీద వాలి పక్క రెక్కలతో విసురుతున్నాడు, మధ్యమధ్య నోటితో ఒక్కోదాన్నీ శుభ్రం చేస్తున్నాడు. బంగారి బయట కాపలా. నేను రోజూ అద్దం గీకే చోటుకు అది జానెడు దూరం కూడా లేదు! దాని నడింట్లో చెయ్యి పెడుతున్నది నేనే. రోజులు గడిచేకొద్దీ గుడ్లు నల్లబడి, చివర్లో ఒక్కోదానిలో వెండి చుక్కల్లా రెండు కళ్లు కనిపించాయి. మా ట్యాంకులో ఎనిమిదో రోజు రాత్రి, లైట్లు ఆరాక పగిలి పిల్లలు బయటికొచ్చాయి. పిల్లలకు రోటిఫర్లు అనే సూక్ష్మజీవులను మేతగా పెట్టి వేరే ట్యాంకులో పెంచాలి, అంత ఓపిక నాకు లేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇక చేసిన మార్పులు. చిన్న మట్టి కుండీ ఒకటి, రంగు వెయ్యనిది, నేను ఎప్పుడూ చెయ్యి పెట్టని ఎడమ మూలలో అడ్డంగా పడుకోబెట్టాను. వెంటనే పోలేదు, రెండు నెలలు అటు చూడనైనా లేదు. రాయి చోటును కొంచెం తిప్పి, అక్కడ వేవ్‌మేకర్ నీటి ఉరవడి నేరుగా తగిలేలా చేశాక, కుండీ దగ్గర మేత వేస్తూ ఉంటే మెల్లగా మకాం మార్చింది. ఇప్పుడు రెండు మూడు వారాలకోసారి అక్కడే పెడుతుంది. గుడ్లున్న రోజుల్లో నేను ఆ వైపు వెళ్లను, పెద్ద పనులన్నీ గుడ్లు పగిలాక పెట్టుకుంటాను. తప్పనిసరైతే బుట్టను బోర్లించి బంగారిని ఐదు నిమిషాలు అందులో ఆపి పని కానిస్తాను, వలతో తరిమితే ఇంకా బెదిరిపోతుంది. మోచేతి దాకా గ్లవ్స్ వేసుకుంటాను. కరుస్తుందని మాత్రమే కాదు, జోయాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, చేతి మీద గీరుకున్నా గాయమున్నా అసలు పెట్టకూడదు. నిన్న కరిచిందంటారా, నిన్న గ్లవ్స్ వేసుకోలేదు.

లెదర్ కోరల్ విషయం ఇంకా పూర్తిగా తెగలేదు. రాత్రి బంగారి దాని మీద దొర్లుతుంది, దాన్నే తన సీ అనిమోన్ (సముద్రంలో క్లౌన్ ఫిష్ కాపురముండే, పువ్వులాంటి జీవి) అనుకుంటుంది. మొదట్లో కోరల్ ముడుచుకుపోయి వారాల తరబడి విచ్చుకోలేదు. అరచేయంత పెరిగాక తట్టుకుంటోంది, చిన్న ముక్కలు ఉన్నవాళ్లు దూరంగా పెట్టుకోవడమే మేలు. తోకతో ఇసుక తవ్వి పక్కన జోయాంథిడ్ల మీద పోస్తుంది, వాటిని రాయి పైకి ఎత్తాక ఆ గొడవ పోయింది. "అసలు అనిమోనే తేవచ్చు కదా" అని మా ఆయన. హేచరీలో పుట్టిన క్లౌన్‌కు అనిమోన్ లేకపోయినా లోటు లేదు. పైగా అనిమోన్ ఒక చోట ఉండదు, నడుస్తుంది, నడిచి వేవ్‌మేకర్‌లో పడితే ఒక్క రాత్రిలో ట్యాంకు మొత్తం పాడవుతుంది. ఇప్పట్లో వద్దనే నా నిర్ణయం.

మొన్న ఆదివారం సీతమ్మధార వెళ్లాను. బుజ్జి ఇప్పుడు రెండున్నర అంగుళాలుంది, తోక ఎక్కడ తెగిందో వెతికినా కనపడదు. ఆ ట్యాంకులో దానికి పైన ఎవరూ లేరు. తమ్ముడు మేత వెయ్యడానికి చెయ్యి పెడితే చూపుడువేలిని తాకి వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. "అక్కా, దీనికి జోడీ తెద్దామా" అన్నాడు. తెద్దాం, కానీ దానిలో సగం ఉండేదే తెద్దామన్నాను. వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.