రెండో కృష్ణుడు

మేముండే కార్డిఫ్ కేంద్రంగానే ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ ధారావాహిక 2005లో మళ్లీ మొదలైంది కనుక, అందులోని డాక్టర్ మా అమ్మాయికి దాదాపు సొంతూరి మనిషే. ఆయన చావుకు దగ్గరైనప్పుడల్లా కొత్త రూపం ఎత్తే గ్రహాంతరవాసి; అందుకే నటులు మారినా పాత్ర ఒక్కటే. 2022 అక్టోబరులో జోడీ విటేకర్ తప్పుకొని డాక్టర్ ముఖం మారిపోయినప్పుడు, ఈయన మా డాక్టర్ కాదంటూ టీవీ కట్టేసి, ఆ అలకను డిసెంబరు సెలవుల్లో విశాఖపట్నం దాకా మోసుకువచ్చింది.

పెదవాల్తేరు ఇంట్లో మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మనవరాలి ఫిర్యాదంతా విన్నది. “మా ఊళ్లో పద్యనాటకం ఆడితే ఒక్క రాత్రిలో ముగ్గురు కృష్ణులు వచ్చేవారమ్మా. ఒకాయన సన్నం, ఇంకొకాయన బొద్దు” అంది.

“మరి కృష్ణుడే అని ఎలా నమ్మేవారు అమ్మమ్మా?”

“అర్జునుడు ‘బావా’ అని పిలిచేవాడు కదే! ఇక మాకు అనుమానమెందుకు?”

ఆ జవాబు వినగానే నాకు 1966 గుర్తుకొచ్చింది. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం క్షీణించడంతో ఆ పాత్ర ప్యాట్రిక్ ట్రౌటన్‌కు వచ్చింది. ఆయన పాత నటుణ్ణి అనుకరించలేదు. పిల్లనగ్రోవి వంటి వాద్యం ఊదుతూ పూర్తిగా మరో మనిషిలా ప్రవేశించాడు. వెంట ఉన్న పాలీ నమ్మింది, బెన్ మాత్రం శంకించాడు; చివరికి ఆగర్భశత్రువైన డాలెక్ అనే కవచంలోని జీవి ఆయన్ను చూసి డాక్టరేనని గుర్తుపట్టిన తరువాతే బెన్ సందేహం తీరింది. ప్రేక్షకుడి సందేహాన్ని కథలోని మనిషికే అప్పగించిన ఆ రచయితల తెలివి నాకెంతో ఇష్టం. నటుడు ఎంత గొప్పవాడైనా, ఆ లోకంలోని వారు ముందుగా గుర్తించకపోతే మనం గుర్తించడం కష్టమని నేను నమ్ముతాను.

ఆ సాయంత్రం వీధి గుమ్మంలో పక్కింటివారు మా అమ్మాయి యాసను, జుట్టు కత్తిరింపును చూసి మాట కలపడానికి తటపటాయించారు. లోపలినుంచి అమ్మ “చిట్టీ, ఇలా రా” అని కేకవేసింది. “ఓహో, చిట్టేనా! ఎంత ఎదిగిపోయావే!” అంటూ వారు దాని చేతిలో జామకాయ పెట్టారు. బడిలో దానికి వేరే పొట్టిపేరు ఉంది; రెంటికీ అది ఒకేలా పలుకుతుంది.

2023 డిసెంబరులో రువాండాలో పుట్టి స్కాట్లాండ్‌లో పెరిగిన షూటీ గాట్వా కొత్త డాక్టర్‌గా వచ్చాడు. ఈసారి మా అమ్మాయి టీవీ కట్టెయ్యలేదు. విశాఖకు వీడియో కాల్ కలిపి, ఫోనును తెర వైపు తిప్పి, “అమ్మమ్మా, ముందు ఎవరు పిలుస్తారో చూద్దాం” అంది.