అట్ట డోడెకాహెడ్రన్ నుంచి పాంకారే డ్యువాలిటీ దాకా: నా అనుభవం

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి నేను తీసుకున్న ప్రశ్న ఒక్కటే: మానిఫోల్డ్ (ఏ బిందువు దగ్గర చూసినా మామూలు యూక్లిడ్ స్పేస్‌లా ఉండేది) కాని స్పేస్‌లో కూడా పాంకారే డ్యువాలిటీ, అంటే n పరిమాణాల స్పేస్‌లో k పరిమాణాల రంధ్రాల లెక్క n-k పరిమాణాల లెక్కతో సరిపోవడం, ఎలా నిలబడుతుంది? ఈ రంధ్రాలను పరిమాణాల వారీగా లెక్కపెట్టే పద్ధతే హోమాలజీ. హోమాలజీ మానిఫోల్డ్ నిర్వచనం నోటికి వచ్చేసింది. ప్రతి బిందువు దగ్గరా లోకల్ హోమాలజీ యూక్లిడ్ స్పేస్‌లో లాగే ఉంటే చాలు, ఆ చుట్టుపక్కల భాగం నిజంగా యూక్లిడ్ స్పేస్‌లా ఉండక్కర్లేదు. ఒప్పజెప్పగలను కానీ లోపలికి దిగలేదు. నెల రోజులు సిద్ధాంతాలు నోట్సులోకి ఎక్కించుకోవడంతోనే సరిపోయింది. రివ్యూ దగ్గరపడి టెన్షన్ పెరిగింది. అప్పుడు మా మేడమ్, "ముందు ఒక ఉదాహరణ చేత్తో లెక్కపెట్టి తీసుకురామ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నారు.

ఉదాహరణ పాంకారే హోమాలజీ గోళం. 1904 నాటిది. హోమాలజీ మామూలు గోళానిదే, కానీ గోళం కాదు. డోడెకాహెడ్రన్‌లో (12 పంచభుజ ముఖాలున్న ఘనరూపంలో) ఎదురెదురు పంచభుజాలను 36 డిగ్రీలు తిప్పి అతికిస్తే అది వస్తుంది. నిజంగా అతికించడం కుదరదు కాబట్టి అట్టతో బొమ్మ చేసి, ఒకటయ్యే అంచులకు ఒకే రంగు స్కెచ్ పెన్‌తో గీతలు గీశాను. మొదటిసారి ఐదేసి అంచులు ఒకటయ్యాయి, శీర్షాలన్నీ కలిసి ఒక్కటే మిగిలింది. హోమాలజీ సున్నా రావాల్సిన చోట 5లు తేలాయి. రెండు రోజులు హోమాలజీ లెక్కకు రాసుకున్న మాత్రికలో తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. దగ్గరి మూలను వదిలేసి దాని పక్క మూలకు జత చేశాను, అంటే 108 డిగ్రీలు తిప్పాను. అది సైఫర్ట్-వెబర్ స్పేస్ అనే వేరే మానిఫోల్డ్!

సరిగ్గా జత చేశాక మూడేసి అంచులు కలిశాయి. 20 శీర్షాలు 5 అయ్యాయి, 30 అంచులు 10, 12 ముఖాలు 6, ఘనం ఒకటి. ఇప్పుడు ఘనం మధ్యలో ఒక చుక్క పెట్టి, ప్రతి ముఖం గుండా ఒక గీత, ప్రతి అంచు చుట్టూ ఒక త్రిభుజం, ప్రతి శీర్షం చుట్టూ ఒక చతుర్ముఖి ఊహించుకున్నాను. లెక్క 1, 6, 10, 5 వచ్చింది. 5, 10, 6, 1 తిరగేసి రాసినట్టే. డ్యువాలిటీ అంటే ఇదా అని ఆ కాగితం వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇలా తిరగేసి పెట్టిన ముక్కలను డ్యూయల్ సెల్స్ అంటారు, ఆ ఆలోచన ఫ్రెంచ్ గణితవేత్త పాంకారేదే. డ్యువాలిటీ మీద ఆయన 1895 నాటి పేపర్లో లోపాన్ని డేనిష్ గణితవేత్త హీగార్డ్ 1898లో ఎత్తిచూపాక, 1899లో ఆయన ఈ దారిలో కొత్త రుజువు రాశారు.

తర్వాత ఈ గోళానికి సస్పెన్షన్ తీసుకున్నాను. అంటే పైన ఒక కొన, కింద ఒక కొన పెట్టి దాన్ని రెండింటికీ కలిపాను. 4 పరిమాణాల స్పేస్ వచ్చింది. పై కొన దగ్గర డ్యూయల్ సెల్ ఆ హోమాలజీ గోళం మీద నిలబెట్టిన కోన్. అది బంతి కాదు. కొనను తీసేస్తే మిగిలిన దాని ఫండమెంటల్ గ్రూప్‌లో (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారుల రకాల్లో) 120 మూలకాలుంటాయి, బంతికైతే ఒక్కటే ఉండాలి. ఇక్కడ డ్యువాలిటీ రుజువు ఆగిపోతుందనుకుని, ఒక్కో వాక్యం పక్కన "బంతి ఎక్కడ వాడాం?" అని పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. ఎక్కడా వాడలేదు. సెల్ హోమాలజీని దాని సరిహద్దుతో పోల్చి చూస్తే 4వ స్థాయిలో పూర్ణాంకాలు, మిగతా చోట్ల సున్నా రావాలి, అంతే. కోన్ అడుగున ఉన్నదానికి మామూలు గోళం హోమాలజీయే ఉంది కాబట్టి అది వచ్చేస్తుంది.

రివ్యూలో అట్టబొమ్మ బల్ల మీద పెట్టి ఇదంతా చెప్పాను. మేడమ్ అంతా విని, "ఇంకోసారి సస్పెన్షన్ తీసుకుంటే?" అని అడిగారు. 5 పరిమాణాల అసలైన గోళమే వస్తుందని, దాన్ని 1970లలో ఎడ్వర్డ్స్, కానన్ నిరూపించారని చెప్పాను. ఎలాగో మాత్రం చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి కానన్ పేపర్ ప్రింట్ తీసుకున్నాను.