బ్రిటిష్ స్కూల్ నుంచి తిరుపతికి తిరిగొచ్చే పిల్లలకు

దుబాయ్‌లో బ్రిటిష్ స్కూల్లో వేసినవాళ్లు ముందు తరగతి లెక్క సరిచూసుకోండి. అక్కడి ఇయర్ 11 మన పదో తరగతి, ఇయర్ 13 సీనియర్ ఇంటర్. ఇయర్ 10 మధ్యలో టీసీ తీసుకోవద్దు. ఐజీసీఎస్ఈ (బ్రిటిష్ పద్ధతిలో పదో తరగతి స్థాయి పరీక్ష) పరీక్షలు మామూలుగా ఇయర్ 11 చివర్లో జరుగుతాయి, అంతకుముందే వచ్చేస్తే చేతిలో సర్టిఫికెట్ ఉండదు. ఇంగ్లిష్‌తో కలిపి ఐదు సబ్జెక్టుల్లో సి గ్రేడ్‌కి తగ్గకూడదు, ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఈక్వివలెన్స్‌కి, అంటే మన పదో తరగతితో సమానమన్న గుర్తింపుకి, అదే ఆధారం.

ఇయర్ 13 చివర్లో రాసే ఏ లెవెల్లో మూడు సబ్జెక్టులు చాలు. కానీ ఇంజినీరింగ్ అనుకుంటే అవి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాల్సిందే. ఫిజిక్స్ బదులు ఎకనామిక్స్ తీసుకుని ఇక్కడికొచ్చి బతిమాలితే లాభం లేదు. పైగా మే, జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టులో గానీ రావు.

అసలు దెబ్బ లోకల్ కోటాలో, అంటే స్థానికులకు కేటాయించే కాలేజీ సీట్లలో, పడుతుంది. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధిలో లోకల్ కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా 4 ఏళ్లు చదువో, నివాసమో ఇక్కడే ఉండాలి. తాతగారి ఇల్లు గాంధీరోడ్డులో ఉందంటే కుదరదు.